మా ఇంటి మనవులు

ఉక్కునగరం,
6 జూలై 2024.

అన్నయ్యకు వందనాలు.

కవరు చూసి కంగారు పడకు, ఎవరూ పోలేదు. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావేమో. చెప్పలేను. అమ్మ ప్రతి మంగళవారం, శుక్రవారం మల్కాపురం నుంచి బస్సెక్కి మా క్వార్టరుకి వస్తుంది. చెప్పులు విప్పకముందే నా ఫోన్ అందుకుంటుంది. లాక్ మార్చాను, వారంలో కనిపెట్టింది. పైగా అలిగి, "తల్లికాడ దాసుకునే సంగతులు ఏటుంటాయే నీకు?" అని పై వాటా వాళ్ళకి వినపడేలా అడిగింది. అందుకే కాగితం పట్టుకున్నాను. నువ్వు ఫోన్ చెయ్యకు, మెసేజ్ పెట్టకు. నేను పనిచేసే స్కూలు లైబ్రరీ అడ్రసు కవరు వెనక రాశాను, దానికి రాయి. ఆ గదిలోకి నేను తప్ప ఎవరూ రారు, పిల్లలతో సహా.

సంగతేమిటంటే, నాకు రెండో నెల.

జయంత్‌కి తెలుసు, డాక్టరుకి తెలుసు, ఇప్పుడు నీకు తెలుసు. నాలుగో మనిషికి తెలియకూడదు. అయిదో నెల స్కానింగ్ బాగుంటే అప్పుడు చూద్దాం.

మొదటిసారి ఏం జరిగిందో నీకు సగమే చెప్పాను. గురువారం పరీక్షలో తేలింది, అమ్మకి సంతోషంగా చెప్పాను. ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవుల వేళ మైకు చేతికి రాగానే లేచి, "నా కుమార్తె అక్సాను దేవుడు జ్ఞాపకము చేసుకొనెను" అంది. ఇంట్లో మల్కాపురం భాష, మైకు ముందు బైబిలు భాష. సంఘమంతా ఆమెన్ అంది. పదకొండు రోజులకి పోయింది. నేనింకా ఆసుపత్రి మంచం దిగలేదు, ఆ మాటా మైకులో చెప్పేసింది. స్త్రీల సమాజం వాళ్ళు రొట్టె, హార్లిక్స్ పట్టుకుని వచ్చి కూర్చున్నారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "ఒప్పుకోవాల్సిన పాపం ఏదైనా ఉందా తల్లీ?" అని అడిగింది. అమ్మ పక్కనే కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. ఆవిణ్ణి బయటకి పొమ్మనలేదు.

రెండోసారి నేను చెప్పలేదు. నా ఫోన్ చెప్పింది. ఆ బిడ్డా పోయాక అమ్మ సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అరవై ముగ్గురు దండం బొమ్మ పెట్టి ఆమెన్ అన్నారు. వాళ్ళలో మా స్కూలు అటెండర్ ఒకడు.

నా కడుపు నాది అన్నయ్యా. ఈసారి మైకులోకి వెళ్ళనివ్వను.

నీ చెల్లెలు,
అక్సా


పారాదీప్,
14 జూలై 2024.

అక్సమ్మకి,

నీ ఉత్తరం క్రేను మీద కూర్చుని చదివాను. కింద లారీవాడు హారన్ కొడుతున్నాడు. కొట్టుకోనీ అనుకున్నాను. పుల్లటివి తిను, బరువులు ఎత్తకు, జయంత్‌ని నా తరపున గట్టిగా వాటేసుకోమను. ఎవర్నంటే నిన్నే.

ఎవరికీ చెప్పను. నాకంటే ఎవరికి తెలుస్తుంది చెప్పు? పదమూడేళ్ళ వయసులో నా పేరు సంఘంలో ఎలా మారిందో మర్చిపోయావా? "నా కుమారుడు ఎడ్వర్డు ఇంకను పక్క తడుపుచున్నాడు, ఆ బలహీనత నుండి విడిపించునట్లు ప్రార్థించుడి." రెండొందలమంది ఆమెన్. కాయర్‌లో నా పక్కన నిలబడ్డవాళ్ళు నవ్వాపుకోలేక రెండు చరణాల పాటు పాడలేకపోయారు. నాన్న సంగతి తెలిసిందేగా, బతికున్నన్నాళ్ళూ మైకు తిరిగే వేళకి బీడీ నెపంతో బయటికి పోయేవాడు. ఆ రోజూ బయటే ఉన్నాడు. స్కూల్లో, గ్రౌండులో, పోర్టు అప్రెంటిస్‌లో కూడా నేను ఆమెన్ ఎడ్వర్డునే. కిందటేడు మల్కాపురం కుర్రవాడొకడు ఇక్కడ క్రేనుకి సరుకు తగిలించే రిగ్గర్‌గా చేరాడు. మూడో రోజుకి షెడ్డంతా ఆమెన్ దాదా అని పిలుస్తోంది. ఒడియావాళ్ళకి దాని అర్థం కూడా తెలీదు, ఏదో గౌరవం అనుకుంటున్నారు.

అనూరాధ సంగతి ఇక రాయను. అన్యురాలి ఉచ్చు నుంచి నా కొడుకుని తప్పించు ప్రభువా అని, ఆ పిల్ల ఇంటిపేరూ వాళ్ళ నాన్న పనిచేసే గేటు నంబరూ కలిపి ప్రార్థిస్తే ఏ పిల్ల నిలబడుతుంది? ఈ ముప్పై తొమ్మిదేళ్ళకి నాకు మిగిలింది ఈ క్రేను క్యాబిన్. తలుపేసుకుంటే ఎవరి మాటా వినపడదు.

సరే, వదిలెయ్. అమ్మ మనిషి ఎలా ఉంది? చిక్కిందా? అన్నం సరిగ్గా తింటోందా? ఓసారి గమనించు.

అన్నయ్య


ఉక్కునగరం,
5 ఆగస్టు 2024.

అన్నయ్యా,

నువ్వెప్పటినుంచి అమ్మ అన్నం సంగతి అడుగుతున్నావు? పదేళ్ళలో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. నేను కడుపులో బిడ్డని దాచుకోలేక చస్తుంటే నీకు ఆవిడ చిక్కడం కనపడిందా? చిక్కింది. చిక్కి, రెట్టింపు మాట్లాడుతోంది.

విను ఏం జరిగిందో. కిందటి శుక్రవారం కోనాం చేపలు తెచ్చింది. కడుగుతుంటే ఆ వాసనకి నేను బాత్రూంలోకి పరుగెత్తాను. బయటికి వచ్చేసరికి నడుమ్మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది.

"ఏటే?"

"గ్యాస్."

"గ్యాసా? నానిద్దర్ని కన్నాను. నాకు సెప్తన్నావా గ్యాసని?"

"గ్యాసే అమ్మా. ఎవరితోనూ ఏమీ అనకు."

"నానెవుల్తో అంటానే? నాకేటి పని?"

నిన్న ఆదివారం. మైకు తీసుకుని ఏమందో తెలుసా? "నా కుమార్తె విషయమై ఒక గుప్తమైన మనవి కలదు. అది ఏమిటో దేవునికి తెలియును. తొమ్మిది మాసములు మీరు విడువక ప్రార్థించుడి." తొమ్మిది మాసములట! గుప్తమట! వెనక వరసలో పిల్లలు కూడా వేళ్ళు లెక్కపెట్టారు. ఆరాధన అవ్వగానే నలుగురు ఆడవాళ్ళు నా పొట్ట మీద చెయ్యేసి కళ్ళు మూసుకున్నారు. అడగలేదు, చెప్పలేదు, చెయ్యేశారు. నేను గేటు దాకా ఏడుస్తూ నడిచాను. అమ్మ వెనకాలే వచ్చి, "నానేటన్నానే? కడుపని అన్నానా? గుప్తమనే కదా అన్నాను!" అంటూ నాతోనే దెబ్బలాట.

ఇంతటితో అవ్వలేదు. సెప్టెంబర్ ఒకటిన స్త్రీల సమాజం వార్షికోత్సవం. కార్యదర్శి కనుక అమ్మకి సాక్ష్యం చెప్పడానికి పది నిమిషాలు ఇచ్చారు. చుట్టుపక్కల ఆరు సంఘాల వాళ్ళు వస్తారు. నా మొదటి బిడ్డ, రెండో బిడ్డ, ఇప్పుడీ బిడ్డ, అన్నీ వరసగా చెప్పబోతోందని పాస్టరు అయ్యగారి భార్యే నాకు సంతోషంగా చెప్పింది. "మీ అమ్మ ఏడిపించేస్తారమ్మా అందర్నీ" అంది.

నువ్వు ఫోన్ చేసి ఆపు. నీ మాట కాస్తయినా వింటుంది. ఆ రోజు నా పేరు మైకులో వినపడితే ఆవిడకి కూతురు లేదనుకో. ఈ బిడ్డ ముఖం చూడనివ్వను. కోపంలో అంటున్న మాట కాదు. జయంత్‌కి కూడా చెప్పేశాను.

అక్సా


పారాదీప్,
12 ఆగస్టు 2024.

అక్సా,

ఈ ఉత్తరం మూడుసార్లు చింపాను.

మే నెలలో నేను విశాఖ వచ్చాను. రెండు రోజులున్నాను, నీకు చెప్పలేదు. అమ్మ ఫోన్ చేసి "ఒక్కడివే రా, అక్సాకి సెప్పకు" అంది. ఆవిడకి ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. క్రిస్మస్ నుంచీ తెలుసట. మల్కాపురం వాళ్ళెవరూ రాని ఆసుపత్రి వెతుక్కుని తీసుకెళ్ళాను. సూదితో ముక్క తీశారు. క్యాన్సర్. చిన్నదే, మొదట్లోనే ఉంది. నెలలోపు ఆపరేషన్ చేయిస్తే మనిషికి ఢోకా లేదని డాక్టరు ఒకటికి పదిసార్లు చెప్పాడు.

ఆవిడ ఒప్పుకోలేదు. వార్షికోత్సవం అయ్యాక చూద్దాం అంది. బెంచీ మీద కూర్చుని ఏమందో రాస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు. "సంగంలో తెలిస్తే ఏటవుద్దిరా? ఆడోల్లెవులూ ఇంక నా మొకం సూడరు, జాకెట్టేపు సూత్తారు. పార్దన సేత్తామని ఇంటికొచ్చి, ఏటి పాపం సేసినావమ్మా అని అడుగుతారు. నాను తలెత్తుకుని తిరగలేను."

బైబిలు మీద చెయ్యి పెట్టించి మాట తీసుకుంది. నేను దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని బండెక్కి వచ్చేశాను. మూడు నెలలయింది. ఫోన్ చేసినప్పుడల్లా "రేపెల్తాను" అంటుంది. నేను సరేనంటాను. ఇంత పిరికివాడు నాకు అన్నెందుకయ్యాడా అనుకుంటావు. అనుకో. నేనొచ్చి ఆవిణ్ణి లాక్కెళ్ళాలి, ఆ పని చెయ్యలేక ఈ స్థితిలో ఉన్న నీ నెత్తిన పెడుతున్నాను.

ఆసుపత్రి చీటీ ఈ కవరులోనే పెట్టాను. ఆవిణ్ణి వార్షికోత్సవం దాకా ఆగనివ్వకు.

ఎడ్వర్డ్


ఉక్కునగరం,
19 ఆగస్టు 2024.

అన్నయ్యా,

నీ మీద కోపం తర్వాత తీర్చుకుంటాను, వరసలో ఉండు.

ఇన్నాళ్ళూ అమ్మకి సిగ్గనేది దేవుడు పెట్టలేదు అనుకున్నాను. అదే నాకు ఊరట. పాపం తెలియదు, భక్తి ముదిరి చేస్తుంది, మనసులో కల్మషం లేదు అని సర్దిచెప్పుకుని ముప్పై అయిదేళ్ళు బతికాను. తెలుసన్నయ్యా! ప్రతి ముక్కా తెలుసు. వాళ్ళు ఎటు చూస్తారో తెలుసు, ఇంటికొచ్చి ఏమడుగుతారో కూడా తెలుసు. ఆ మాట నన్ను అడిగినప్పుడు పక్కనే కూర్చుని విన్నది కదా, తెలియకేం? తెలిసి తెలిసి నన్ను వాళ్ళ ముందు పడేసింది, నిన్ను పడేసింది. తన వంతు వచ్చేసరికి ఊరు చివర ఆసుపత్రి వెతుక్కుంది. నలభై ఏళ్ళుగా ఆ మైకు పట్టుకుంటోంది. తన గురించి ఒక్క మనవి, ఒక్కటంటే ఒక్కటి చేసిందా? గుర్తు చేసుకో. ఎప్పుడూ మనమే, నాన్న బీడీలే.

మొన్న శుక్రవారం వచ్చినప్పుడు అడుగుదామనుకున్నాను. కుడిచేత్తోనే బట్టలు పిండుతోంది. ఎడంచెయ్యి ఎత్తడం లేదు. బకెట్టు లాక్కుని మిగతావి నేనే పిండాను. ఆ తర్వాత నాకు ఇంకా ఒళ్ళు మండింది.

ఆపరేషన్‌కి తీసుకెళ్తాను. ఆసుపత్రికి వెళ్ళి డాక్టరుతో మాట్లాడాను, సెప్టెంబర్ అయిదు గురువారం ఇచ్చారు. అంతకు ముందు ఖాళీ లేదట. అమ్మకింకా చెప్పలేదు. వార్షికోత్సవం రోజు చెప్తాను, మైకులో. ఆవిడ నా పేరెత్తిన మరుక్షణం లేచి నిలబడి, "నా తల్లి దేవకుమారిగారి విషయమై ఒక మనవి కలదు" అంటాను. ఏ రోగమో, ఏ వైపో కూడా చెప్తాను. ఆరు సంఘాలూ ఆమెన్ అనాలి. ఎలా ఉంటుందో ఆవిడకీ తెలియాలి.

నన్ను ఆపకు.

అక్సా


పారాదీప్,
24 ఆగస్టు 2024.

అక్సా,

ఆపను. మూడు నెలలు నోరు మూసుకున్నవాడికి నిన్ను నోరు మూసుకోమనే అర్హత లేదు. నీ చోట నేనుంటే చెప్పేసేవాణ్ణేమో.

ఒక్క సంగతి మాత్రం రాస్తాను. నీకు గుర్తుందో లేదో. ఆ పక్క తడిపిన ఆదివారం నేను ఇంట్లోకి రాకుండా డాబా మీద నీళ్ళ ట్యాంకు చాటున సాయంత్రం దాకా కూర్చున్నాను. నువ్వు గిన్నెలో పెరుగన్నం తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయావు. ఆ మరుసటి ఆదివారం పిల్లల సాక్ష్యాల వేళ తొమ్మిదేళ్ళదానివి లేచి నిలబడి, "మా అన్నయ్య మానేశాడు, దేవునికి స్తోత్రం" అన్నావు. నేను మానలేదు. నీకూ తెలుసు, ఒకే గదిలో పడుకునేవాళ్ళం. బైబిలు చేత్తో పట్టుకుని నా కోసం అబద్ధ సాక్ష్యం చెప్పిన మనిషివి నువ్వొక్కదానివే.

అంతే. నీకు ఏది తోస్తే అది చెయ్యి. గురువారానికి నేను సెలవు పెట్టాను, వస్తున్నాను. ఈసారి నీకు చెప్పే వస్తున్నాను.

అన్నయ్య


ఉక్కునగరం,
2 సెప్టెంబర్ 2024.

అన్నయ్యా,

ఈ ఉత్తరం నీకు అందేసరికి నువ్వు బండెక్కేసి ఉంటావేమో. అయినా రాస్తున్నాను, నోటితో చెప్పడం నా వల్ల కాదు.

ముందు వరసలో కూర్చున్నాను, మైకుకి దగ్గరగా. కొత్త చీరలు, మల్లెపూలు, ఫ్యాన్లు, ఆరు సంఘాల ఆడవాళ్ళు. అమ్మ తెల్ల చీర కట్టుకుంది. సమాజం నివేదిక చదివింది, గొంతు సవరించుకుంది. "ఇప్పుడు నా కుటుంబ సాక్ష్యము. నా కుమార్తె అక్సా..." అంది.

లేచాను. రెండడుగులు వేసి చేతిలోంచి మైకు తీసుకున్నాను. లాక్కున్నాననే రాయాలి. "నా తల్లి దేవకుమారిగారి" దాకా అన్నాను.

అమ్మ నా ముఖం చూసింది. నాకు తెలిసిపోయిందని ఆవిడకి అర్థమయింది. నన్ను ఆపలేదు. కుడిచేత్తో కొంగు లాక్కుని ఎడమవైపు కప్పుకుంది, రెండు మడతలు వేసి. కప్పుకుని తల దించుకుని అలాగే నిలబడింది. ఎవరో రాయి విసరబోతుంటే కాచుకున్నట్టు.

రాయి నా చేతిలోనే ఉందన్నయ్యా.

"నా తల్లి దేవకుమారిగారి కుటుంబం నుంచి ఈ రోజు మనవులేమీ లేవు" అన్నాను. "ఉన్నా అవి దేవుడికి చెప్పుకుంటాం. ఎవరూ మా ఇంటికి రావద్దు, ఎవరూ నా మీద చెయ్యి వెయ్యొద్దు." మైకు ఆపేసి అయ్యగారి భార్య చేతిలో పెట్టాను. ఎవరో అలవాటుగా ఆమెన్ అన్నారు.

దయ అనుకోకు. దయ కాదు. ఆవిడ చేసిన పని నేను చెయ్యడం నాకే అసహ్యమేసింది, అంతే.

ఆవిణ్ణి ఆటో ఎక్కించాను. పారిశ్రామిక వాడ దాటాక, "ఎడ్వర్డుగాడు సెప్పీసినాడా?" అంది.

"చెప్పాడు. గురువారం ఆపరేషన్. వస్తావు, అంతే."

"సంగమోల్లకి..."

"చెప్పను. నువ్వు కూడా నా సంగతి చెప్పవు. ఎక్కడా. గుప్తంగా కూడా."

"అది వేరు, ఇది వేరే. నీకోసరం నలుగురూ పార్దన సేత్తారనే కదా..."

"మరి నీకోసం చెయ్యొద్దా? ఏటి వేరు? చెప్పు, ఏటి వేరు?" నా నోట ఆవిడ భాషే వచ్చేసింది. ఆటోవాడు అద్దంలో చూశాడు.

అమ్మ రోడ్డు వైపుకి తిరిగి కూర్చుంది. నేను ఏడ్చాను, కోపంతోనే. క్షమించలేదు. ఆవిడకీ ఆ మాటే చెప్పాను. గురువారం పొద్దున్న ఆరింటికి ఆసుపత్రిలో ఉండాలి, ఆ పని చూద్దాం.

అక్సా


ఉక్కునగరం,
21 సెప్టెంబర్ 2024.

యేసు నామములో నా కుమారుడు ఎడ్వర్డుకి మీ అమ్మ దేవకుమారి దీవించి రాయునది.

నువ్వు ఎల్లి పదిరోజులయింది. నాను బాగున్నాను. కుట్లు ఇప్పినారు. ఎడంచెయ్యి భుజం దాకా ఎత్తుతన్నాను. అక్సా ఇంట్లోనే ఉంటన్నాను. దానికి స్కానింగ్ ఇంకా రెండు వారాలుంది. నానెవులికీ సెప్పలేదు. నీకే రాస్తన్నాను.

నీతో ఒక మాట తేల్చుకోవాలి. బైబిలు మీద సెయ్యేసి మాటిచ్చినావు. నీ నోట్లో నువ్వుగింజ నానదా? కన్నతల్లి సంగతి దాచలేనోడివి ఏటి మగోడివిరా? నాకు ఆ కోపం ఇంకా ఉంది. సంఘమోళ్ళు నాను ఏమైపోయానని అడిగితే, నాను చుట్టాలింటికి ఎల్లినానని అక్సా సెప్పిందట. నా కోసరం అబద్ధమాడింది. మొన్నటి దాకా నాతో మాటాడనిది.

ఇంకో సంగతి. నువ్వు బండెక్కిన మర్నాడు నన్ను పై వార్డుకి మార్చినారు. అక్కడ ఒక నర్సమ్మ, ఇంత పిల్ల, చేతిలో కాగితం పట్టుకుని వార్డు ఈ చివర నుంచి ఆ చివరకి అరిచింది. "రొమ్ము తీసేసిన దేవకుమారి ఎవరమ్మా?" అని. మంచాల మీదోళ్ళు, వాళ్ళ మొగుళ్ళు, పళ్ళమ్మే మనిషి, అందరూ తిరిగి చూసినారు. నాను సెయ్యెత్తలేదు. మళ్ళీ అరిచింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక మనిషి ఒంట్లో బాధ నలుగురి ముందర అరిచి సెప్తారా? ఆ మనిషి మళ్ళీ మొకం ఎత్తాలా అక్కర్లేదా? మందు కోసరమే పిలిచిందట. మంచికే అయితే మటుకు అరవాలా? ఆ పిల్ల పేరు రాసుకున్నాను. పెద్ద డాక్టరుగారికి సెప్పి దాని సంగతి తేలుద్దామనుకున్నాను.

ఇక్కడిదాకా రాసి ఆపేసినాను. కాగితం రెండు రోజులు దిండు కింద ఉంది. ఇవాళ తీసి సదువుకుని మళ్ళీ రాస్తన్నాను.

ఎడ్వర్డూ, ఆ ఆదివారం నువ్వు డాబా మీద ట్యాంకు ఎనకాల కూర్చున్నావు. మీ నాన్న పైకెల్లి పిలిచినా దిగలేదు. పిల్లోడికి పొగరెక్కిందని నాను అన్నం పెట్టలేదు.

నీకప్పుడు ఎన్నేళ్ళురా? పదమూడేనా?

జవాబు రాయి. మల్కాపురం ఇంటికి వద్దు, పక్కింటి వరహాలు పోస్టుమేన్ దగ్గర తీసుకుని చదివేస్తాది. అక్సా స్కూలుకి రాయి.

మీ అమ్మ